గోడ అవతలి తూటాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుపాకీ ఉండేది, దాని తూటాలు మాత్రం పక్కింట్లో ఉండేవి. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే ముసలాయన ఏదో కల్పించి చెబుతున్నాడని నవ్వుతారు. నవ్వనీ. నేను ఐదో తరగతి దాటి బడికి పోయినవాణ్ణి కాను. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ బెల్లం పొట్లాల కాగితాల మీద, బస్టాండు హోటళ్ళలో టీ తాగుతూ తిరగేసిన పాత పేపర్ల మీద చదువుకున్నవే. అందుకని ఏ పుస్తకంలోనూ లేని సంగతి చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

మొన్న టీవీ పెడితే ఇద్దరు పెద్దమనుషులు తుపాకుల గురించి అరుచుకుంటున్నారు. ఎవరి ప్రాణం వాళ్ళు కాపాడుకోవాలంటే ఇంటికొక తుపాకీ ఉండాలని ఒకాయన. పోలీసుల చేతిలో తప్ప ఇంకెక్కడా ఉండకూడదని ఇంకొకాయన. ఇద్దరి బూట్లూ అద్దాల్లా మెరుస్తున్నాయి. ఇద్దరిలో ఒక్కడు కూడా పందులు తవ్విపోసిన చేను చూసినవాడిలా లేడు. గోడకు తగిలించిన తుపాకీ కింద పడుకొని పెరిగినవాడిలా అంతకన్నా లేడు. మాట్లాడటానికి పిలిస్తే చాలు, తెలియని దాని గురించి గొంతు చించుకుంటారు. నాకు ఒళ్ళు మండి టీవీ కట్టేశాను. ఆ మంట కాస్త చల్లారాక ఇది రాస్తున్నాను. ఎట్లా చల్లారిందో చివర చెబుతాను.

మాది రాచర్ల దాటి నల్లమల వైపు పోయే దారిలో చిన్న ఊరు. అప్పట్లో కర్నూలు జిల్లా. తరువాత మేము గడప దాటకపోయినా జిల్లా మారిపోయింది. అన్నీ మెట్ట చేలే. వాన మనసు పడితే వేరుశనగ, లేకుంటే జొన్న. కొండ వైపు నుంచి వచ్చే వాగు మా చేల పక్కనుంచే పోతుంది. దాని గట్ల మీద కంపచెట్లు గుబురుగా పెరిగి ఉండేవి. అడవి పందులు పగలంతా ఆ గుబుర్లలో పడుకొని, పొద్దు గుంకగానే చేల మీద పడేవి. ఒక్క మంద దిగిందంటే తెల్లారేసరికి చేను చేను కాదు, దున్ని వదిలేసిన బీడు.

పంట కాపలాకని మా తాతకు ఒంటిగొట్టం తుపాకీకి లైసెన్సు ఉండేది. ఊరికంతా అదొక్కటే. ఏడాదికి ఇన్ని తూటాలకు మించి కొనకూడదు, కాల్చినవాటికి జవాబు చెప్పాలి, ఇట్లా షరతులు చాలా ఉండేవి. ఎన్నికలొస్తే తుపాకీని దుప్పట్లో చుట్టి, బస్సులో గిద్దలూరు తీసుకుపోయి స్టేషన్లో అప్పజెప్పి రావాలి. పందులకు ఎన్నికలు లేవు కదా. తుపాకీ తిరిగి వచ్చేదాకా ఊరంతా రేకు డబ్బాలు మోగిస్తూ చేలల్లోనే కాపురం. మా తాత గొణిగేవాడే గాని ఏనాడూ అప్పజెప్పకుండా ఉండలేదు.

మొదట్లో తూటాల డబ్బా కూడా మా ఇంట్లోనే ఉండేదట. తుపాకీ నడవ గోడకు, డబ్బా దాని కింద గూట్లో. ఒకసారి పొరుగూళ్ళో ఇద్దరు అన్నదమ్ములు బావి నీళ్ళ దగ్గర మాటా మాటా అనుకున్నారు. అన్న విసురుగా ఇంట్లోకి పోయి తుపాకీతో బయటికి వచ్చాడు. తమ్ముడు అక్కడే పడిపోయాడు. మా తాత ఆ ఇంటికి పలకరింపుకు పోయి వచ్చి, నడవలో నిలబడి మా గోడ వైపే చూస్తూ ఉండిపోయాడట. చేయి చాపాడు, తుపాకీ తగిలింది. అదే చేతిని కొంచెం కిందికి దించాడు, డబ్బా తగిలింది. "కాలు కదపకుండానే రెండూ అందుతాండాయి" అన్నాడని మా నాయనమ్మ చెప్పేది. వెంటనే డబ్బా చంకన పెట్టుకొని పక్కింటికి పోయాడు.

ఆ పక్కింట్లో ఉండే అవ్వ మా తాతకు వరసకు వదిన. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మేకలు కాచుకుంటూ ఒంటిగా బతికేది. మా కప్పు మీది వాననీళ్ళు ఆమె వాకిట్లో పడతాయని ఆమెకూ మా తాతకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. అసలు ఊళ్ళో ఇంతమంది చుట్టాలుండగా ఆమె దగ్గరికే ఎందుకు పోయావని మా నాయనమ్మ దెబ్బలాడితే, మా తాత అన్నాడట, "మనమంటే ఇష్టమున్నోళ్ళు అడగ్గానే తీసిస్తారే. గిట్టనోళ్ళ కాడుంటేనే మేలు."

అవ్వ కూడా ఊరికే తీసుకోలేదు.

"నీ మందుగుండు నా ఇంట్లో ఏంది మరిదీ? పేలి నా మేకలు చస్తే?"

"పొయ్యికి దూరంగా పెట్టు వదినా. ఎవురొచ్చి అడిగినా ఎందుకని అడుగు. కారణం చెప్పినాకనే ఇయ్యి. నేనొచ్చినా అడుగు."

"నువ్వొచ్చినా?"

"నేనొచ్చినా."

మా తాతను నిలబెట్టి ప్రశ్న అడిగే అవకాశం అంత సులువుగా దొరుకుతుందని ఆమె అనుకొని ఉండదు. డబ్బా ఆమె జొన్నల గాదె మీదికి ఎక్కింది. అప్పటినుంచి అదే పద్ధతి. కాల్చేవాడే స్వయంగా రావాలి. ఎందుకో వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పాలి. ఆమె తలూపితే తూటా, లేకుంటే లేదు.

ఇది చట్టం ఒప్పే పని కాదు, నాకు తెలుసు. ఒకసారి ఎస్సై తనిఖీకి వచ్చి తూటాలేవని అడిగితే, మా తాత పక్కింటి వైపు చూపించాడు. ఆయన మండిపడుతూ గోడ అవతలికి పోయాడు. అవ్వ మేక పాలు పితుకుతూ, తల కూడా ఎత్తకుండా, "ఎందుకు నాయనా?" అంది. తనిఖీకి అన్నాడాయన. "అంటే?" "చూడ్డానికమ్మా!" "చూడ్డానికయితే చూసి మళ్ళీ ఆడ్నే పెట్టు." ఆయన చూసి, లెక్క సరిపోయిందని అక్కడే పెట్టి వచ్చాడు. లైసెన్సు ఎవరి పేరనుంటే వాళ్ళే భద్రం చేసుకోవాలని మా తాతను గట్టిగా మందలించాడు. న్యాయంగా ఆయన చెప్పిందే సరి. మా తాత తల వంచుకొని అన్నీ విన్నాడు. డబ్బా మాత్రం గాదె దిగలేదు.

అవ్వ సరదాలకు అడ్డుపడేది అనుకుంటే పొరపాటు. దసరాకు ఆయుధపూజ అయిన మర్నాడు మా ఊళ్ళో గురి పందెం జరిగేది. మార్కాపురం గనుల దగ్గర పారేసిన పలక ముక్కలను బండి మీద తెచ్చి, వాగు అవతలి గట్టు మీద వరసగా నిలబెట్టేవారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరు కాల్చేవారు. ఆ రోజు మా తాత గోడ దగ్గర నిలబడి, "సరదాకు వదినా!" అని కేకేస్తే, "సరదా అని చెప్పినావు, తీస్కపో" అని ఆమె నవ్వుతూ తెచ్చి ఇచ్చేది. తానూ వచ్చి గట్టు మీద కూర్చునేది. మా తాత గురి తప్పితే అందరికన్నా ముందు ఆమె నవ్వే వినిపించేది. పలక పగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, గాజు గాజు కానట్టు, రాయి రాయి కానట్టు. మేము పరుగెత్తిపోయి ఆ ముక్కలు ఏరుకునేవాళ్ళం. నేను అక్షరాలు దిద్దుకున్నది వాటి మీదే. నన్ను చదివించింది ఎవరని అడిగితే, మా తాత గురి అని చెబుతాను.

ఇక ఆ రోజు సంగతి.

వేరుశనగ ఇంక పీకుదామనుకుంటున్న రోజులు. పొద్దున్నే నేను, నాయన చేనికి పోయేసరికి సగం చేను లేదు. మట్టి కుప్పలు, తొక్కేసిన తీగలు, పొట్టు. నాయన ఆ మట్టిలో కూర్చొని కాయలున్నాయేమోనని చేతులతో వెతికాడు. తరువాత లేచి కంచె వెంబడి నడిచాడు. మా చేనికీ పై చేనికీ నడుమ ఉన్న కంప ఒకచోట తీసేసి ఉంది. బండి పట్టేంత సందు. పందులు అక్కడినుంచే దిగాయి. పై చేను ఆసామిని నేను మామా అనేవాణ్ణి. నాయనకు బావ వరస. ఇద్దరికీ ఆ గట్టు మీద పాత తగాదా ఉంది. మామ చేనిలో గట్టు వెంబడి పందుల అడుగుజాడలే తప్ప ఒక్క తీగ కూడా కదల్లేదు.

నాయన తిన్నగా వెనక్కి తిరిగాడు. ఇంటికి వచ్చి తుపాకీ దించాడు. మా తాత సంతకని గిద్దలూరు పోయి ఉన్నాడు. నాయనమ్మ అడ్డం వస్తే పక్కకు తోశాడు. నా వైపు తిరిగి, "అవ్వ కాడికి పోయి తూటాలు తేపో" అన్నాడు. ఆ గొంతు నాయనది కాదు.

నేను పోయి అడిగాను. అవ్వ చాటలో జొన్నలు చెరుగుతోంది.

"కాల్చేటోడు నువ్వా?"

"కాదు, మా నాయన."

"అయితే మీ నాయన్నే రమ్మను."

నేను వెనక్కి తిరిగేలోపే నాయన తుపాకీతో వాకిట్లో నిలబడి ఉన్నాడు. అవ్వ చాట పక్కన పెట్టింది. నాయన మొహం చూసింది, ఎండ చూసింది.

"ఎందుకబ్బయ్యా?"

"పందికి."

"ఇంత ఎండలోనా? ఏ పంది? నాలుగు కాళ్ళదా, రెండు కాళ్ళదా?"

"అడక్కుండా ఇయ్యి పెద్దమ్మా. నా చేను పాయ. వాడు కావాలని కంప తీసినాడు."

అవ్వ లేచింది. లోపలికి పోయి గాదె మీద నుంచి డబ్బా దించి తెచ్చింది. ఇచ్చేస్తుందనుకున్నాను. నాయన కూడా అదే అనుకొని చేయి చాపాడు. ఆమె డబ్బా తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"నేను ముసల్దాన్ని, నాకు చెప్పకపోయినా ఫర్లేదు. వీడికి చెప్పి తీస్కో. రేప్పొద్దున మీ నాయన యాడికి పోయినాడని ఊరంతా వీణ్ణే కదా అడిగేది. ఏమని చెప్పాల్నో ఇప్పుడే చెప్పిపో."

డబ్బా బరువుగా ఉంది. పొట్టకు ఆనించి పట్టుకుంటుంటే లోపల తూటాలు అటూ ఇటూ దొర్లుతున్నాయి. నాకు ఏమి చేయాలో తోచలేదు. ఆ ఇంట్లో తూటా ఇచ్చేవాళ్ళు అడగవలసిన మాట ఒకటుందని మాత్రం తెలుసు. అందుకే అడిగాను, "ఎందుకు నాయనా?" అని.

నాయన నా మొహంలోకి చూశాడు. చాపిన చేయి మెల్లగా కిందికి దిగింది. తుపాకీ మడమ నేలకు ఆనించి, దాన్ని పట్టుకొనే అరుగు మీద కూలబడ్డాడు. అవ్వ నా చేతిలో డబ్బా తీసుకొని లోపల పెట్టి, చెంబుతో మజ్జిగ తెచ్చింది. సగం తాగాక ఆయన, "ఏడాదంతా దాని మీదనే ఉన్నాం పెద్దమ్మా" అన్నాడు. అంతే, భుజాలు కదలడం మొదలుపెట్టాయి. మా నాయన ఏడవడం నేను మొదటిసారి చూసింది ఆ అరుగు మీదే. అవ్వ ఆయన పక్కన కూర్చొని చాట తీసుకొని, మళ్ళీ జొన్నలు చెరిగింది.

సంత నుంచి వచ్చిన మా తాత అంతా విన్నాడు. తుపాకీని మళ్ళీ గోడకు తగిలించి మామ ఇంటికి పోయాడు. తేలిందేమిటంటే, మామ ఎరువు బండి తోలుకోవడానికి కంప తీశాడు, తిరిగి పెట్టడం మరిచాడు. కావాలని చేసింది కాదు, అట్లాగని తప్పు కాకుండా పోదు. "పొద్దున్నే ఇద్దరూ పోయి కొత్త కంప కొట్టి కట్టండి" అని తీర్పు చెప్పి వచ్చాడు.

మర్నాడు వాగు గట్టున కంప కొడుతున్నారు. నేను ఆకులు దులుపుతూ సాయం చేస్తున్నాను. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు. "ఆ కొన పట్టుకోమనరా మీ నాయన్ని" అని మామ, "పట్టుకోనే ఉండానని చెప్పరా" అని నాయన. మధ్యలో నేను తంతి ఆఫీసు. నాకు నవ్వొస్తోంది, నవ్వితే తంతారని భయం.

మామ ఇంకో గుబురు మీద కత్తి వేయగానే అది కదిలింది. లోపలినుంచి ఒంటి పంది, దూడంత ఉంది, సూటిగా ఆయన మీదికి వచ్చింది. కోర తొడలో దిగి మామ వెల్లకిలా పడిపోయాడు. అది వెనక్కి తగ్గి మళ్ళీ వచ్చేలోపు, నాయన కంప నెట్టే పంగలకర్రతో మామకు అడ్డంగా నిలబడ్డాడు. పంగ దాని మెడకు ఆనించి నెడుతున్నాడు. కాళ్ళు మట్టిలో జారుతున్నాయి. "పరిగెత్తరా!" అని అరిచాడు.

చేను ఊరికి కేకవేటు దూరమే. నేను ఎట్లా పరుగెత్తానో తెలియదు. మా తాత కేకలు విని అప్పటికే తుపాకీతో వాకిట్లోకి వచ్చి ఉన్నాడు. నేను అవ్వ ఇంటి వైపు తిరిగాను. ఆమె గుమ్మంలో లేదు, గోడ దగ్గరా లేదు. మా వాకిట్లోనే ఉంది. కొంగులో డబ్బా. నేను ఏమీ చెప్పలేదు, ఊపిరాడితే కదా చెప్పడానికి. ఆమె నన్ను చూసింది, ఒక తూటా తీసి మా తాత చేతిలో పెట్టింది. "పద మరిదీ" అని ఆయన కన్నా ముందు నడిచింది.

నాయనా, మామా, పందీ ఒకేచోట ఉన్నారు. కాల్చడానికి సందు లేదు. మా తాత పక్కకు దూకమని అరిచాడు. నాయన దూకలేదు. దూకితే మామ మీదికి పోతుంది. మా తాత తుపాకీ పైకెత్తి గాలిలోకి కాల్చాడు. ఆ చప్పుడుకు పంది తల తిప్పింది. అదే అదనుగా నాయన మామను రెండు చంకల కింద పట్టుకొని ఈడ్చాడు. పంది మా వైపు తిరిగింది. మా తాత వెనక్కి చేయి చాపాడు, చూడకుండానే. ఆ చేతిలో తూటా పడింది. అవ్వ ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. రెండో దెబ్బకు పంది మా ముందే మోకాళ్ళ మీద కూలింది.

మామను బండి మీద రోడ్డుకు, అక్కడినుంచి బస్సులో మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. బండిలో ఆయన తల మా నాయన ఒళ్ళో ఉంది. "కంప తీసింది నేనే బావా" అంటున్నాడు. "గమ్ముగుండు" అంటున్నాడు నాయన. తరువాత జీవితమంతా మామ కుంటుతూనే నడిచాడు, కాని నడిచాడు. ఆ రెండు చేల నడుమ కంచె ఇద్దరూ కలిసే కట్టేవారు.

సాయంత్రం మా తాత కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు రెండూ పట్టుకొని పక్కింటికి పోయాడు. అవ్వ అందుకొని, ఎంతో సీరియస్‌గా, "ఇంతకీ ఎందుకు కాల్చినావు మరిదీ? అడిగేది మర్చిపోయినా" అంది. మా తాత గోడ పట్టుకొని నవ్వాడు. ఆ వారంలోనే మా కప్పుకు రేకు దోనె కట్టించి, వాననీళ్ళు ఆమె వాకిట్లో పడకుండా మళ్ళించాడు.

నాకు మాత్రం సందేహం తీరలేదు. ముందురోజు అంతగా అడిగి, ఆ రోజు ఎందుకు అడగలేదని ఒకనాడు ఆమెనే అడిగాను. మేక మెడ గోకుతూ చెప్పింది. "సరదా అయితే సరదా అని చెప్తారు. భయమైతే చెప్పకముందే మొగంలో కనపడుతుంది. నీ మొగంలో కనపడింది. మీ నాయన ముందురోజు ఒక మాట లోపల పెట్టుకొని బయటికి ఇంకో మాట చెప్పినాడు. కొడుక్కు చెప్పుకోలేని పనికి తూటా ఎట్ల ఇచ్చేది?"

అవ్వ పోయిన కొన్నాళ్ళకు మా తాత ఆ తుపాకీని దుప్పట్లో చుట్టాడు. ఎన్నికలేవీ లేవు. డబ్బా కూడా తీసుకొని గిద్దలూరు బస్సెక్కి, లైసెన్సుతో సహా అప్పజెప్పి వచ్చాడు. నాయన ఒప్పుకోలేదు. పందులొస్తే ఏమి చేయాలని గొడవపడ్డాడు. "అడిగేటోళ్ళు లేని ఇంట్లో అది వద్దు" అన్నాడు మా తాత.

నాయన అడిగిన ప్రశ్న తప్పని నేననను. పందులు ఇప్పటికీ వస్తున్నాయి, ముందుకన్నా ఎక్కువగా. రైతు అర్జీ పెట్టుకుంటే అది ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి పోయేసరికి పంట కాలం దాటిపోతుంది. దిక్కుతోచనివాళ్ళు చేను చుట్టూ కరెంటు తీగలు లాగుతున్నారు. పందులతోపాటు పశువులు చస్తున్నాయి, మనుషులు చస్తున్నారు. రక్షణ లేకుండా చేసి, తప్పు చేశావని పట్టుకుంటే అది ఏమి న్యాయం? అట్లాగని చేయి చాపితే అందేంత దగ్గరలో అందరికీ చావును పెడితే అదేమి రక్షణ? ఆ బూట్ల పెద్దమనుషులను మా అవ్వ వాకిట్లో నిలబెట్టి ఉంటే, ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేది.

ఆ పక్కింట్లో ఇప్పుడు అవ్వ తమ్ముడి మనవడి కాపురం. గోడ అదే, గాదె లేదు. నాకు ఒళ్ళు మండినప్పుడల్లా, అది రోజూ ఉండేదే అనుకోండి, చెప్పులేసుకొని గోడ చుట్టూ తిరిగి ఆ వాకిట్లోకి పోతాను. టీవీ కట్టేసిన రోజూ పోయాను. ఆ ఇంటి కోడలు పిల్ల బయటికి వచ్చి, "ఎందుకు తాతా, ఏమన్నా కావాల్నా?" అంది. పాపం, మామూలుగానే అడుగుతుంది. తను ఎవరి మాట అడుగుతోందో ఆ పిల్లకు తెలియదు. గట్టిగా చెప్పగలిగిన కారణం ఉంటే చెబుతాను. ఆ రోజు నా దగ్గర లేదు. అరుగు మీద కూర్చున్నాను. ఆ పిల్ల లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది.